తిండి మానేసిన టరాంటులా పిల్ల

పెంపుడు టరాంటులాను (ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్దజాతి సాలెపురుగు) పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకున్నవాళ్లకు ముందో వెనకో ఒక బెంగ తప్పదు. నిన్నమొన్నటి దాకా కీచురాయిని వేస్తే చాలు, మీదికి దూకిన పిల్ల ఉన్నట్టుండి దాన్ని చూసి వెనక్కి తగ్గుతుంది. తరవాత డబ్బాలోని కొబ్బరి పొట్టులో బొరియ చేసుకుని లోపలికి పోతుంది. బొరియ నోటిని పొట్టుతో, సాలెదారంతో మూసేసుకుంటుంది. ఇక రోజుల తరబడి జాడ ఉండదు. బతికుందో లేదో తవ్వి చూడాలనిపిస్తుంది. తవ్వకూడదు. ఎందుకు తవ్వకూడదో తెలియాలంటే ముందు ఆ బొరియలో ఏం జరుగుతోందో తెలియాలి.

సాలెపురుగుకు ఎముకలుండవు. ఒంటిమీది గట్టి పెంకే దానికి అస్థిపంజరం. అందులో ముఖ్యమైన పదార్థం కైటిన్ (రొయ్యల పెంకులో, పురుగుల రెక్కల్లో ఉండేదే). ఒకసారి గట్టిపడ్డాక ఈ పెంకు పెరగదు. ఒళ్లు పెరగాలంటే పాత పెంకును విడిచేసి, కొత్తదానితో బయటికి రావాలి. కుబుసం విడవడం అంటే ఇదే. కాకపోతే ఇక్కడ ఊడేది పైపొర ఒక్కటే కాదు. కోరలు, కాళ్ల గోళ్లు, పుస్తకాకార ఊపిరితిత్తుల (పొట్ట అడుగున దొంతర్లుగా ఉండే శ్వాసాంగాలు) పొరలు, చివరికి తిండిని పీల్చుకునే జీర్ణాశయం లోపలి పొర కూడా ఊడి వస్తాయి.

ఆ రోజు రాకముందే లోపల పని మొదలవుతుంది. పాత పెంకు కింద కొత్తది తయారవుతుంది. రెండింటి మధ్య ఒక ద్రవం ఊరి, పాతదాని లోపలి వరసను కరిగిస్తుంది. కరిగినదాన్ని ఒళ్లు తిరిగి పీల్చుకుంటుంది. కోరలూ మారుతున్నాయి, తిండి దారీ మారుతోంది. ఇలాంటప్పుడు ఎరను పట్టడం, తినడం కుదిరే పని కాదు. పిల్ల తిండి మానడానికి అసలు కారణం సాధారణంగా ఇదే. బొరియ మూసుకోవడానికి కారణం కూడా ఇదే. కుబుసం విడిచే సమయంలో, విడిచిన కొన్నాళ్ల వరకూ అది తనను తాను కాపాడుకోలేదు. చీమ వచ్చినా ఏమీ చేయలేదు.

ఎన్నాళ్లు పడుతుందన్నది జాతిని బట్టి, వయసును బట్టి ఉంటుంది. త్వరగా పెరిగే జాతుల పిల్లలు కొన్ని వారాలకోసారి కుబుసం విడుస్తాయి. మెక్సికన్ రెడ్‌నీ లాంటివి చాలా నిదానం. వీటి పిల్లలు నెల రెండు నెలలు తినకపోయినా కంగారు పడనక్కర్లేదు. పెద్దవాటి సంగతి మరీ వింత. చిలీ రోజ్ అనే జాతిలో ఎదిగినవి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా తిండి ముట్టకుండా ఉంటాయి.

మరి నిజంగా జబ్బు చేస్తే ఎలా తెలుస్తుంది? తిన్నదా లేదా అని రోజులు లెక్కపెట్టేకన్నా పొట్టను చూడటం మేలు. పొట్ట నిండుగా, నునుపుగా, కాస్త నిగనిగలాడుతూ ఉంటే ఒంట్లో నిల్వ ఉన్నట్టే. కుబుసం దగ్గరపడే కొద్దీ రంగు నల్లబడుతుంది. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటికి పొట్టమీద దురద పుట్టించే వెంట్రుకలుంటాయి. అవి రాలిపోయిన చోట చర్మం బాగా నల్లబడితే కొత్త వెంట్రుకలు కింద సిద్ధమైనట్టు. అలా కాక పొట్ట ముడతలు పడి, లోపలికి పీక్కుపోయి కనిపిస్తే సమస్య ఉంది. చాలాసార్లు అది ఆకలి కన్నా దాహమే.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. టరాంటులాకు కాళ్లు ముడవడానికి కండరాలున్నాయి కానీ, ముఖ్యమైన రెండు కీళ్ల దగ్గర చాపడానికి లేవు. హీమోలింఫ్‌ను (సాలెపురుగు ఒంట్లో రక్తం చేసే పని చేసే ద్రవం) ఒత్తిడితో కాళ్లలోకి పంపి వాటిని చాపుతుంది. జేసీబీ చేయి నూనె ఒత్తిడితో చాచుకున్నట్టే. కుబుసం విడిచేటప్పుడూ ఈ ఒత్తిడే ఆధారం. పొట్టలోని ద్రవం ముందు భాగంలోకి చేరుతుంది. వీపుమీది పెంకు అంచు వెంట చీలి పైకి లేస్తుంది. అప్పుడు ఎనిమిది కాళ్లనూ పాత తొడుగుల్లోంచి కొద్దికొద్దిగా లాక్కుంటుంది. ఒంట్లో నీళ్లు తక్కువైతే ఒత్తిడి చాలదు, కాళ్లు సగంలో ఇరుక్కుపోతాయి. పిల్లకు ఒళ్లు చిన్నది కాబట్టి నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. అందుకే నీళ్ల సీసా మూత లాంటిది ఒకటి పెట్టి ఎప్పుడూ నీళ్లుంచాలి. పొట్టును ఒక పక్క తడిగా, రెండో పక్క పొడిగా ఉంచాలి. మొత్తం తడిపేస్తే బూజు పడుతుంది. ఇక హీట్ ల్యాంపు అంటారా, నా లెక్కలో దానితో మేలు కన్నా చేటే ఎక్కువ. పిల్లను ఎండగడుతుంది. మనం హాయిగా ఉండగలిగే గది వేడి దానికీ చాలు.

ఒత్తిడి సంగతి అర్థమైతే, జనం ఎక్కువగా పొరబడే రెండు భంగిమలూ అర్థమవుతాయి. వెల్లకిలా పడి ఉన్న టరాంటులా చచ్చిపోలేదు, కుబుసం విడుస్తోంది. దాన్ని తిప్పకూడదు, ముట్టకూడదు, ఊదకూడదు. పిల్లకైతే గంటలోపే అయిపోవచ్చు, పెద్దదానికి గంటలు పడుతుంది. బోర్లానే ఉండి, కాళ్లన్నీ ఒంటి కిందికి ముడుచుకుని ఉంటే భయపడాలి. చాపే ఒత్తిడి పోయి, ముడిచే కండరాలే మిగిలాయన్నమాట. వెంటనే నోరు నీటి అంచుకు తగిలేలా జాగ్రత్తగా ఉంచి చూడాలి. పొట్ట నీళ్లలో మునగకూడదు. ఊపిరితిత్తుల ద్వారాలు ఉండేది అక్కడే.

కుబుసంతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. కొత్తగా ఇల్లు మారిన పిల్ల వారం రెండు వారాలు బెదిరి ఉంటుంది. డబ్బా మరీ పెద్దదైతే ఎర ఎక్కడుందో దానికి దొరకదు. ఎర తన పొట్టకన్నా పెద్దదైతే పిల్లే భయపడుతుంది. అప్పుడు కీచురాయిని చంపి, ఒక కాలో ముక్కో బొరియ దగ్గర పెడితే రాత్రికి వచ్చి తినేస్తుంది. ముట్టని తిండిని మర్నాటికి తీసేయాలి. బతికున్న కీచురాయిని లోపల వదిలేస్తే, కుబుసం విడుస్తున్న పిల్లను అదే కొరికి తినగలదు.

అన్నీ నేలలో బొరియ చేసుకోవు. మన గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలిసిన నీలిరంగు టరాంటులా చెట్టు తొర్రల్లో ఉంటుంది. 1899లో గుత్తిలో దొరికినదాన్ని బట్టి శాస్త్రవేత్త పోకాక్ దీన్ని వర్ణించాడు. తరవాత వందేళ్లు జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అడవిలో అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్నా, అమెరికా, యూరప్‌లలో పెంపకందారుల దగ్గర పుట్టిన పిల్లలు అమ్ముడుపోతున్నాయి. 2019 నుంచి ఇది చెందిన ప్రజాతి మొత్తం సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. అడవి నుంచి పట్టినదాన్ని కొనే ఆలోచన ఎక్కడా పెట్టుకోవద్దు. దీని పిల్లకు నిలువుగా ఒక బెరడు ముక్క పెట్టాలి. కుబుసం వేళ దాని వెనక సాలెదారం అల్లుకుని దాక్కుంటుంది.

కుబుసం విడిచి బయటికి వచ్చాక కోరలు తెల్లగా ఉంటాయి. తరవాత ఎర్రబడి, చివరికి నల్లబడతాయి. నల్లబడే దాకా తిండి పెట్టకూడదు. మెత్తటి కోరలతో గట్టి పురుగును కరిస్తే అవి వంగిపోవచ్చు. చిన్న పిల్లలకు కొద్ది రోజులు చాలు, పెద్దవాటికి వారం రెండు వారాలు ఆగాలి. ఈలోపు నీళ్లు మాత్రం ఉండాలి. బొరియ బయటికి నెట్టేసిన పాత పెంకును పారేయకండి. కాస్త పెద్దయ్యాక విడిచిన పెంకులో పొట్ట లోపలి భాగాన్ని తడిపి విప్పి భూతద్దంతో చూస్తే పిల్ల ఆడో మగో చెప్పొచ్చు. ఆడదైతే ఇరవై ఏళ్లకు పైగా మీతో ఉండొచ్చు. మగదైతే ఎదిగాక ఎక్కువ కాలం బతకదు.