249వ మాటలో మూడో అక్షరం

కాలేయ క్యాన్సర్ జన్యువుల జబ్బా, తిండి వల్ల వచ్చే జబ్బా అని ఒక పాఠకుడి ప్రశ్న. ఆ రెండూ వేర్వేరు అనుకోవడంలోనే చిక్కుంది. క్యాన్సర్లన్నీ జన్యువులు చెడి వచ్చేవే. అయితే ఆ చెడు చాలామటుకు అమ్మానాన్నల నుంచి సంక్రమించింది కాదు, బతుకు మధ్యలో ఏదో ఒక కణంలో జరిగింది. కాలేయ కణితుల్లో తరచూ చెడిపోయి కనిపించేవి మూడు: టెర్ట్ జన్యువును నడిపించే ముందుభాగం, సీటీఎన్ఎన్‌బీ1, టీపీ53. మొదటి రెండింటినీ పక్కన పెడదాం. మూడోదాని మీద తిండి తన వేలిముద్ర వేసి వెళ్లింది.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం తెలియక దానికి ‘టర్కీ ఎక్స్’ జబ్బని పేరు పెట్టారు, వైరస్ పనేమోనని అనుమానించారు. తీరా చూస్తే దోషి మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క, దానికి పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. ఆ బూజు విషాలే అఫ్లటాక్సిన్లు. వాటిలో ఘోరమైన బి1 తనంతట తాను డీఎన్ఏను ఏమీ చేయలేదు. దానికి పదును పెట్టేది మన కాలేయమే! కొవ్వులో కరిగే ఈ పదార్థాన్ని నీళ్లలో కరిగేలా మార్చి బయటకు పంపేయాలని సైటోక్రోమ్ పి450 ఎంజైములు దానికొక ఆక్సిజన్ పరమాణువును తగిలిస్తాయి. దాంతో మూడు మూలల బిగుతైన ఉంగరం ఒకటి తయారవుతుంది. నీళ్లలో దాని ఆయుష్షు సెకను లెక్కే. ఆ కాస్త వ్యవధిలో డీఎన్ఏ చేతికందితే, నిచ్చెన లాంటి దాని మెట్ల మధ్య దూరి, జన్యు రాతలోని ‘జీ’ అక్షరానికి అతుక్కుపోతుంది. కణం విడిపోయేలోగా ఆ గాయం మానకపోతే నకలు తీసే యంత్రాంగం తడబడి, ఎదురుగా ‘సీ’ పెట్టాల్సిన చోట ‘ఏ’ పెడుతుంది. మరుసటి నకలులో ఆ ‘ఏ’కి జతగా ‘టీ’ వస్తుంది. అంతే, జీ పోయి టీ కూర్చుంది.

1991లో రెండు బృందాలు, ఒకటి చైనాలోని చీడోంగ్ రోగుల కణితుల్లో, మరొకటి దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు కణితుల్లో, ఈ మార్పునే ఒకే చోట చూశాయి. చీడోంగ్‌లో 16 కణితులకు 7 కణితుల్లో, టీపీ53లోని 249వ మూడక్షరాల మాట ‘ఏజీజీ’ కాస్తా ‘ఏజీటీ’ అయింది. ఆ ఒక్క అక్షరంతో, టీపీ53 తయారుచేయించే పి53 ప్రోటీన్‌లో అర్జినిన్ బదులు సెరిన్ చేరి, డీఎన్ఏ మీద దాని పట్టు సడలుతుంది. ఈ పి53 ప్రోటీన్ కథ కూడా పొరపాట్లమయమే. 1979లో కనిపెట్టాక పదేళ్లపాటు అది క్యాన్సర్‌ను పెంచేదనే నమ్మారు. ప్రయోగశాలల్లో చేతులు మారిన నకళ్లు చాలావరకు అప్పటికే చెడిపోయినవి మరి! అది క్యాన్సర్‌ను అడ్డుకునే కాపలాదారని 1989లో గానీ తేలలేదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు రావాలి. అఫ్లటాక్సిన్ ఆ ఒక్క అక్షరానికే అంటుకుంటుందా? లేదు. అదే జన్యువులో ఇంకా చాలా చోట్ల అంటుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి గాయం ఒక్కటే చాలదు, ఆ గాయంతో కణానికి ఎదిగే వీలు కూడా చిక్కాలి. 249 రెండు జల్లెడలూ దాటి వచ్చింది. రెండోది, ఆ ప్రాంతాల్లో హెపటైటిస్-బి కూడా ఎక్కువే, తప్పు వైరస్‌ది కావచ్చుగా? వైరస్ ఉన్నా అఫ్లటాక్సిన్ తక్కువున్న దేశాల కణితుల్లో ఈ మార్పు అరుదు. పైగా 1994 నాటి షాంఘై అధ్యయనంలో, రెండూ లేనివారితో పోలిస్తే ముప్పు అఫ్లటాక్సిన్ ఒక్కటే ఉంటే 3.4 రెట్లు, వైరస్ ఒక్కటే ఉంటే 7.3 రెట్లు, రెండూ కలిస్తే 59 రెట్లు. 3.4ను 7.3తో గుణించినా 25 దాటదు. కేసులు కొద్దివే కనుక ఆ 59ని అణాపైసలతో సహా పట్టుకోనక్కర్లేదు గానీ, దారి మాత్రం స్పష్టం. వైరస్ వల్ల కణాలు చస్తూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. ఆ హడావుడిలో గాయం మానకముందే నకలు పడిపోతుంది.

చీడోంగ్‌లో జనం ఈ బూజు పట్టే మొక్కజొన్న మాని వరి అన్నానికి మారాక, హెపటైటిస్-బి టీకా వేయించుకున్న పిల్లలు పెద్దవాళ్లు కాకముందే, 35 ఏళ్లలోపువారిలో కాలేయ క్యాన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఇంతకంటే రుజువేం కావాలి? మనకు ఆ టీకా 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచే చౌకగా వచ్చింది, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో అఫ్లటాక్సిన్ మీద పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. అయినా పల్లీలు వేయిస్తే చాలనే నమ్మకం పోదు. వేడికి బూజు చస్తుంది, విషం పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవీ రంగు మారినవీ ఏరేయడమే మేలు. కానీ ఏరేసినవి చౌకగా దాణాలోకి చేరితే, ఆ విషంలో కొంత పాలగిన్నెలోంచి మళ్లీ ఇంటికే వస్తుంది.