మన సముద్రంలో పొద్దు గూకదు

విశాఖపట్నం టూరు పోతే సముద్రంలో సూర్యుడు మునిగే ఫోటో తీస్తామని మన రూములో అందరూ అంటున్నారు. క్యాలెండర్ బొమ్మలో ఉన్నట్టు అది అక్కడ దొరకదు. ఎందుకంటే బంగాళాఖాతం మనకు తూర్పున ఉంది. పొద్దు అటు పొడుస్తుంది. గూకేది మన వెనక, ఊరు, కొండల వైపు. సముద్రంలో గూకేది చూడాలంటే గోవా, కేరళ పోవాలి. అక్కడ సముద్రం పడమర.

అయినా సాయంత్రం ఫోటో బాగుంటుంది. వెనకనుండి వచ్చే ఎర్రటి ఎండ అలల మీద, సముద్రం దిక్కు ఉన్న కొండల మీద పడుతుంది. పొద్దు కిందికి దిగితే దాని వెలుగు చాలా గాలి దాటి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. పున్నమి రోజైతే ఇటు పొద్దు గూకే వేళకే అటు సముద్రం వైపు చంద్రుడు లేస్తాడు. (టూరు పున్నమికి పెడితే బాగుండు. వార్డెన్ మేడమ్ గారు గమనించగలరు.)

నీళ్ళ అవతల పొద్దు గూకేది కావాలంటే మనకు భద్రాచలం ఉంది. గోదావరి గట్టున నిలబడితే పడమర సారపాక ఒడ్డు. ఫోనులో ఆకాశం మీద వేలు పెట్టి నొక్కితే రంగు తెల్లబోదు. మనుషులు నల్లగా పడతారు, పడనీయండి. పొద్దు పోగానే ఫోను మూయొద్దు, ఎరుపు ఇంకా కొంచెంసేపు ఉంటుంది. అప్పుడు వెలుగు తక్కువ, చేయి కదిలితే మసక వస్తుంది. రాయికి ఆనించి తీయాలి.

మా అమ్మమ్మ సముద్రం చూడలేదు. ఉత్త నీళ్ళ ఫోటో చూపిస్తే గోదారే అనుకుంటుంది. అందుకే ఫోటోలో దూరాన ఒక పడవనైనా ఉంచండి, ఎంత పెద్దదో ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది.