శోధగంగలో తెలుగు సిద్ధాంతగ్రంథాలు: అందుబాటు - అన్వేషణ

వ్యాససంగ్రహం:
సిద్ధాంతగ్రంథాలు అందరికీ ఉచితంగా అందాలన్న ఆలోచన భారతదేశంలో నిబంధనగా మారి దశాబ్దం దాటింది. అయినా భాండాగారంలో చేరిన ప్రతి గ్రంథమూ పరిశోధకుడి కంటబడుతుందని చెప్పలేం. తెలుగు సిద్ధాంతగ్రంథాల విషయంలో ఫాంటు, వివరపట్టిక అనే రెండు అంశాలు ఈ అందుబాటును నిర్ణయిస్తున్నాయి. స్వేచ్ఛాప్రాప్యత భావనను, శోధగంగ పనితీరును పరిచయం చేసి, ఈ రెండు అంశాల ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: స్వేచ్ఛాప్రాప్యత, శోధగంగ, సిద్ధాంతగ్రంథం, యూనికోడ్, వివరపట్టిక, గ్రంథచౌర్యం.

1. ఉపోద్ఘాతం:
పూర్వపరిశోధనల సమీక్ష లేనిదే ఏ సిద్ధాంతగ్రంథమూ మొదలు కాదు. ఆ సమీక్షకు కావలసిన గ్రంథాలు చాలాకాలం విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో, శాఖల బీరువాల్లో, పర్యవేక్షకుల ఇళ్లలో మాత్రమే ఉండేవి. తెలుగు పరిశోధన రెండు తెలుగు రాష్ట్రాలకే పరిమితం కాదు. మద్రాసు, మదురై కామరాజ్, బెంగళూరు, బనారస్ హిందూ విశ్వవిద్యాలయాల్లోనూ తెలుగు పరిశోధన జరిగింది. శ్రీకాకుళంలోని పరిశోధకుడు తన అంశంపై మదురైలో ఎవరైనా పనిచేశారో లేదో తెలుసుకోవాలంటే ప్రయాణమో పరిచయమో అవసరమయ్యేది. ఆ రెండూ లేనప్పుడు చేసిన పనినే మళ్లీ చేసే ప్రమాదం ఉండేది. ఈ పరిస్థితిని మార్చడానికి ఉద్దేశించినవే సంస్థాగత భాండాగారాలు.

2. స్వేచ్ఛాప్రాప్యత - భావన:
భౌతికశాస్త్ర పరిశోధకులు తమ వ్యాసాల ముందుప్రతులను పరస్పరం పంచుకోవడానికి 1991లో ఆర్కైవ్ అనే భాండాగారం మొదలైంది. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన ఈ ఆలోచనకు నిర్వచనం ఇచ్చింది. 2003లో వచ్చిన బెర్లిన్ ప్రకటన దానిని మానవీయశాస్త్రాలకూ విస్తరించింది. బుడాపెస్ట్ ప్రకటన రెండు మార్గాలను సూచించింది. రచయిత తన వ్యాసాన్ని భాండాగారంలో స్వయంగా నిక్షేపించడం మొదటిది. పత్రికే పాఠకుడి నుంచి రుసుము తీసుకోకుండా ప్రచురించడం రెండవది.

ఈ నిర్వచనంలో గమనించవలసిన అంశం ఒకటుంది. స్వేచ్ఛాప్రాప్యత అంటే డబ్బు చెల్లించకుండా చదవగలగడం మాత్రమే కాదు. దించుకోవడం, నకలు తీసుకోవడం, పంచుకోవడం, పాఠంలో వెతకడం, సూచికల కోసం యంత్రాల చేత చదివించడం కూడా అందులో భాగాలే. అంటే మనిషి కంటికి కనిపిస్తే చాలదు, యంత్రానికీ ఆ పాఠం అర్థం కావాలి. తెలుగు గ్రంథాల చిక్కు సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

3. శోధగంగ:
భారతదేశంలో సంస్థాగత భాండాగారాలకు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2002లో మార్గం చూపింది. సిద్ధాంతగ్రంథాల విషయంలో మలుపు 2009లో వచ్చింది. ఎం.ఫిల్., పిహెచ్.డి. పట్టాలకు సంబంధించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆ ఏడాది జారీచేసిన నిబంధనలు గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి చేశాయి. 2016 నిబంధనలు పట్టా ప్రకటనకు ముందే ఆ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానికి పంపాలని నిర్దేశించాయి. గాంధీనగర్‌లోని ఈ కేంద్రమే శోధగంగను నిర్వహిస్తోంది. జరుగుతున్న పరిశోధనల ప్రణాళికల కోసం శోధగంగోత్రి పేరుతో మరో భాండాగారం ఉంది.

శోధగంగ డీస్పేస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై నడుస్తుంది. గ్రంథం అధ్యాయాలవారీగా పిడిఎఫ్ ఫైళ్లుగా చేరుతుంది. ప్రతి గ్రంథానికీ శీర్షిక, పరిశోధకుడు, పర్యవేక్షకుడు, విశ్వవిద్యాలయం, కీలకపదాలు మొదలైన వివరాలతో ఒక పట్టిక, మారని చిరునామా ఒకటి ఉంటాయి. పాఠకుడు గ్రంథాన్ని చేరేది ఈ వివరపట్టిక ద్వారా, లేదా పాఠంలోని పదాల ద్వారా. ఈ రెండు దారులూ మూసుకుపోతే గ్రంథం అక్కడున్నా లేనట్టే.

4. ఫాంటు - మొదటి అవరోధం:
యూనికోడ్ తొలి కూర్పు 1991లో వెలువడినప్పుడే అందులో తెలుగుకు స్థానం లభించింది. ఈ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ సొంత సంకేతం ఉంటుంది. 'శ్రీనాథుడు' అనే పదం శకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం ఇలా ఉచ్చారణక్రమంలో పది సంకేతాలుగా నిక్షిప్తమవుతుంది. ఏ యంత్రమైనా దానిని తెలుగు పదంగానే గుర్తిస్తుంది.

తెలుగు డీటీపీ కేంద్రాల్లో దీర్ఘకాలంగా వాడుకలో ఉన్న అను వంటి ఫాంట్ల పద్ధతి వేరు. అవి రోమన్ అక్షరాలకూ ఇతర చిహ్నాలకూ కేటాయించిన స్థానాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి తెలుగు ఆకృతులను అమరుస్తాయి. తెర మీద, కాగితం మీద అందమైన తెలుగే కనిపిస్తుంది. లోపల నిక్షిప్తమయ్యేది మాత్రం రోమన్ అక్షరాల, చిహ్నాల వరుస. అటువంటి పిడిఎఫ్ నుంచి ఒక వాక్యాన్ని నకలు తీసి మరోచోట అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అందులో 'శ్రీనాథుడు' అని వెతికితే పేజీనిండా ఆ పేరున్నా ఫలితం శూన్యం. కాగితప్రతిని స్కాన్ చేసి చేర్చిన గ్రంథాల్లో ఆ వరుస కూడా ఉండదు, అవి బొమ్మలు మాత్రమే.

5. వివరపట్టిక - రెండవ అవరోధం:
పాఠంలో వెతకడం సాధ్యం కానప్పుడు వివరపట్టికే దిక్కు. తెలుగు శీర్షికను రోమన్ లిపిలో నమోదు చేసినప్పుడు అదీ తడబడుతుంది. 'గురజాడ' పేరులో జకారానికి కొందరు 'జె', మరికొందరు 'జెడ్' రాస్తారు. 'శ్రీ'కి ఒకరు 'ఎస్‌ఆర్‌ఐ' అంటే, మరొకరు మధ్యలో 'హెచ్' చేరుస్తారు, వేరొకరు రెండు 'ఇ'లు వాడతారు. దీర్ఘాలు, ఒత్తక్షరాలు చూపడంలోనూ ఏకరూపత లేదు. ఒకే కవిపై వచ్చిన గ్రంథాలు ఒకే వెతుకులాటలో దొరకకపోవడానికి ఇది ముఖ్యకారణం. 'సాహిత్యం', 'తెలుగు' వంటి అతివ్యాప్త పదాలనే కీలకపదాలుగా ఇచ్చినా ప్రయోజనం ఉండదు.

6. గ్రంథచౌర్య నివారణ:
2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం గ్రంథచౌర్య నివారణకు నిబంధనలు తెచ్చింది. సామ్యం 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే సవరించి మళ్లీ సమర్పించాలి. 60 శాతం దాటితే నమోదు రద్దవుతుంది. సామ్యాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ పోల్చేది సంకేతాలనే గాని ఆకృతులను కాదు. యూనికోడేతర గ్రంథం నుంచి పేజీలకు పేజీలు తీసుకుని యూనికోడ్‌లో తిరగరాస్తే ఆ సామ్యం పట్టుబడడం కష్టం. ఆ మేరకు తక్కువ శాతం నిజాయితీకి నిదర్శనం కాలేదు. మూలరచయిత శ్రమకు గుర్తింపూ రాదు, రక్షణా ఉండదు.

7. హక్కుల గురించిన సందేహం:
గ్రంథాన్ని భాండాగారంలో ఉంచితే హక్కులు పోతాయన్న అనుమానం పరిశోధకుల్లో వినిపిస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా రచనపై తొలి హక్కు రచయితదే. రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు అది కొనసాగుతుంది. భాండాగారంలో నిక్షేపించినంత మాత్రాన ఆ హక్కు బదిలీ కాదు. పైగా తేదీతో, చిరునామాతో బహిరంగంగా ఉన్న గ్రంథమే 'ఇది ముందు నేను చెప్పాను' అనడానికి సాక్ష్యమవుతుంది.

8. ముగింపు:
2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం - ఒకే చందా' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. అంతర్జాతీయ పత్రికలను విద్యాసంస్థలకు అందించే పథకమిది. తెలుగు సాహిత్య పరిశోధన ఏ చందాతోనూ కొనగలిగేది కాదు, తెలుగు శాఖలే దానిని కాపాడుకోవాలి. పై చర్చ నుంచి తేలిన అంశాలివి:

* సిద్ధాంతగ్రంథాన్ని మొదటి అధ్యాయం నుంచే యూనికోడ్‌లో రాయడం ఉత్తమం. పూర్తయ్యాక ఫాంటు మార్చితే ఒత్తుల దగ్గర దోషాలు వస్తాయి, మళ్లీ అక్షరదోషాల సవరణ తప్పదు.
* సమర్పణకు ముందు పిడిఎఫ్‌లో ఒక తెలుగు పదాన్ని వెతికి చూడాలి. నిమిషంలో ముగిసే ఈ పరీక్షను పర్యవేక్షకులు అలవాటు చేయాలి.
* శీర్షిక, కీలకపదాలు తెలుగు లిపిలోనూ నమోదు కావాలి. కవి పేరు, కృతి పేరు, ప్రక్రియ, కాలం కీలకపదాల్లో ఉండాలి.
* స్కాన్ చేసిన పాత గ్రంథాలను అక్షరగుర్తింపు సాఫ్ట్‌వేర్‌తో పాఠంగా మార్చవచ్చు. ద, ధ, థ వంటి అక్షరాల మధ్య తేడా చిన్న గీత, చుక్క మాత్రమే కాబట్టి ఆ పాఠాన్ని మనుషులు సరిచూడాలి. పూర్తి పాఠం సాధ్యం కానిచోట విషయసూచికనైనా యూనికోడ్‌లో చేర్చవచ్చు.

సిద్ధాంతగ్రంథాన్ని సమర్పించడంతో పట్టా వస్తుంది. తర్వాతి పరిశోధకుడికి అది దొరికినప్పుడే పరిశోధన ముందుకు సాగుతుంది.