వార్తల్లో పదం: సీఎంటీ

అరుదైన వ్యాధుల వార్తల్లో కనిపించే సీఎంటీ అంటే చార్కో-మారీ-టూత్ వ్యాధి. కాళ్లు, చేతుల నరాలు క్రమంగా బలహీనపడే వంశపారంపర్య జబ్బు. 1886లో దీన్ని వివరించిన ముగ్గురు వైద్యుల పేర్లే దీనికి స్థిరపడ్డాయి. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

ఎక్కువమందిలో పీఎంపీ22 అనే జన్యువు ఒక ప్రతి అదనంగా ఉండటంతో నరాల పైపొర దెబ్బతింటుంది. పాదం ముందుభాగం పైకి లేవదు. సీతాఫల్‌మండి ఎంఎంటీఎస్ స్టేషన్ మెట్లెక్కాలన్నా బొటనవేలు అంచుకు తగులుతుంది, మోకాలు బాగా ఎత్తి అడుగు వేయాలి. స్పర్శ తగ్గడంతో చెప్పు జారిపోయినా కొందరికి తెలియదు.

నయం చేసే మందు ఇంకా లేదు. అందుకే వ్యాయామ పునరావాసానికి అంత విలువ. శ్రమపెడితే ఉన్న బలమూ పోతుందన్న భయం చాలాకాలం ఉండేది. 2017లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 60 మంది పిల్లలు పాల్గొన్నారు. పాదాన్ని పైకెత్తే కండరాలకు ఆరు నెలలు క్రమంగా బరువు పెంచుతూ శిక్షణ ఇస్తే, ఆ బలం తగ్గడం నెమ్మదించింది, హాని కనిపించలేదు. పిక్కలు సాగదీయడం, సైకిల్, ఈత, నిలకడ సాధన కూడా ఫిజియోథెరపిస్టులు చెబుతారు. అలిసి సొమ్మసిల్లేదాకా మాత్రం చేయకూడదు. పాదానికి ఊతమిచ్చే పట్టీ నడకను చాలా తేలిక చేస్తుంది.

జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా సీఎంటీ ఉంటే, క్యాన్సర్ చికిత్సకు ముందు డాక్టరుకు తప్పక చెప్పండి. అందులో వాడే విన్‌క్రిస్టీన్ మందు సీఎంటీ ఉన్నవారి నరాలను తీవ్రంగా దెబ్బతీస్తుంది.