ఒక్క పాసుతో అన్ని బండ్లు

ప్రేమ్ బజార్ బ్రాంచికి మేనేజరుగా వెళ్లిన కొత్తలో నా టేబులు అద్దం కింద ఒక చీటీ ఉండేది. పాస్‌వర్డులు నేరుగా రాయకూడదని తెలుసు కాబట్టి ఊళ్ల పేర్లతో గుర్తులు రాసుకున్నాను. మెయిలుకి పలాస, సెలవుల పోర్టల్‌కి సోంపేట, రుణ పత్రాల అప్లికేషన్‌కి ఇచ్ఛాపురం, శిక్షణ కోర్సులకి బరంపురం. ఇవన్నీ ఎవరి గడువు ప్రకారం అవి మారేవి. నేను రెండు నెలలకే స్టేషన్లు అయిపోయి కటక్ దాటాను. నవ్వకండి, మీ చీటీ ఎక్కడుందో మీకూ తెలుసు.

ఆ చీటీ నాకు తలనొప్పి మాత్రమే. ఇంకొకరికి అంతకంటే పెద్ద కష్టం తెచ్చింది ఇంకొక చీటీ.

మా క్రెడిట్ ఆఫీసరు ఒకావిడ జూన్‌లో బదిలీ మీద వేరే జిల్లాకి వెళ్లారు. రిలీవ్ చేసిన రోజే కోర్ బ్యాంకింగ్‌లో ఆవిడ ఐడీ ఆపించాను. రుణ పత్రాల అప్లికేషన్ మాత్రం బయటి సంస్థ క్లౌడ్‌లో నడుస్తుంది, దాని యూజర్ల జాబితా దానిదే. అక్కడ ఆపాలంటే విడిగా మెయిలు పంపాలి. నేను పంపలేదు. నెలన్నర తర్వాత ఆవిడ ఐడీతో ఒక గృహరుణం పత్రాలు ఆమోదం పొందినట్టు ఆడిట్‌లో బయటపడింది. మోసమేమీ లేదు. పని ఆగిపోతోందని, కీబోర్డు కింద దొరికిన పాత చీటీతో ఎవరో చేసేశారు. కానీ ఎక్స్‌ప్లనేషన్ మెమో వెళ్లింది ఆవిడకి.

ఫోన్ చేసి ఒక్కటే అడిగారు. "సార్, నేను చెయ్యలేదని ఎలా రుజువు చెయ్యను?"

కొత్త బ్రాంచిలో ఆ సమయానికి ఆవిడ కోర్ బ్యాంకింగ్‌లో పని చేస్తున్నట్టు రికార్డు ఉండబట్టి సరిపోయింది. లేకపోతే? నాకూ మెమో వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

క్లౌడ్ అప్లికేషన్లన్నింటికీ ఒకే లాగిన్, అంటే సింగిల్ సైన్ ఆన్ పెడుతున్నామని కేంద్ర కార్యాలయం చెప్పినప్పుడు పైలట్ బ్రాంచీల్లో మాదీ ఒకటి. కోఆర్డినేటరు నేనే. ఎంబీఏలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పేపరు చదివిన ధైర్యంతో ఒప్పుకున్నాను. అందులో ఇది లేదు.

నాకు మొదట అర్థం కానిది ఒకటే. పాస్‌వర్డు అప్లికేషన్‌కి ఇవ్వకపోతే, అది నన్ను ఎలా నమ్ముతుంది? ఈ ముడి విప్పింది ఐటీ విభాగం పంపిన స్లైడ్లు కాదు, మా కౌంటర్లో కూర్చున్న ఒక రైల్వే పింఛనుదారు. ప్రేమ్ బజార్ ఐఐటీని ఆనుకునే ఉంటుంది. ఖాతాదారుల్లో విద్యార్థులు, ప్రొఫెసర్లు ఒక పక్క. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి వర్క్‌షాపు పనికి మన ఉత్తరాంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వాళ్లు ఇంకో పక్క. ఈ పెద్దాయన లైఫ్ సర్టిఫికెట్ పనికి వచ్చి, మాటల్లో పాత పాసుల సంగతి ఎత్తారు.

"టీటీఈ మా ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతాడేటి బాబూ? సంతకం సూస్తాడు, సీలు సూస్తాడు, ఎక్కడికెక్కడికో సూస్తాడు, తారీకు సూస్తాడు. అంతే గదా."

అంతే. సింగిల్ సైన్ ఆన్ కూడా అంతే.

పాసు రాసిచ్చే ఆఫీసు లాంటిది మన బ్యాంకు గుర్తింపు సర్వర్. రుణ పత్రాల అప్లికేషన్ తెరిస్తే అది నన్ను పాస్‌వర్డు అడగదు, బ్రౌజరును ఈ సర్వర్ దగ్గరికి పంపేస్తుంది. ఇక్కడ పాస్‌వర్డు, దాని మీద ఫోన్లో వచ్చే ఆరంకెల కోడు. రెండూ సరిపోతే సర్వర్ ఒక చిన్న పత్రం రాసి డిజిటల్ సంతకం చేసి ఇస్తుంది. ఇతను ఫలానా ఉద్యోగి, ఫలానా అప్లికేషన్‌కి మాత్రమే, ఇన్ని గంటల ఇన్ని నిమిషాల వరకే. ఈ పత్రం నా బ్రౌజరు చేతుల మీదుగానే వెళ్తుంది. అయినా ఒక్క అక్షరం మార్చినా సంతకం చెల్లదు. అప్లికేషన్ సంతకం, పేరు, గడువు సరిచూసి లోపలికి రానిస్తుంది. నా పాస్‌వర్డు బయటి సంస్థ కంటపడనే పడదు. రైల్వే పాసుకి నెలల గడువు ఉంటే దీనికి సాధారణంగా కొద్ది నిమిషాలే.

ఈ పత్రం ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాల్లో ముఖ్యమైనవి రెండు. 2005లో వచ్చిన శామ్ల్ 2.0, 2014లో వచ్చిన ఓపెన్ ఐడీ కనెక్ట్. ఆఫీసు అప్లికేషన్లలో మొదటిది ఇంకా విస్తారంగా ఉంది, మొబైల్ యాప్‌లకి రెండోది తేలిక. ప్రభుత్వ సేవల్లో 'మేరీ పెహచాన్' వాడిన వారికి ఇది కొత్తేమీ కాదు.

అమర్చడంలో యంత్రం పని తక్కువ. రెండు పక్షాలూ తమ చిరునామా, సంతకం సరిచూసుకునే సర్టిఫికెట్ ఇచ్చిపుచ్చుకుంటే లాగిన్ ఆ మధ్యాహ్నానికే నడుస్తుంది. అసలు చాకిరీ జాబితాలది. ఉద్యోగిని ఏ గుర్తుతో పోల్చాలి? బయటి సంస్థ మెయిల్ ఐడీ అంది. నేను ఉద్యోగి నంబరే కావాలని పట్టుబట్టాను. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే మెయిలు మారుతుంది, నంబరు మారదు. తర్వాత వాళ్ల జాబితానీ మన జాబితానీ పక్కపక్కన పెట్టాం. మా ఒక్క బ్రాంచి పేరు మీదే, ఎప్పుడో బదిలీ అయినవాళ్లు, రిటైరైనవాళ్లు కలిపి ఏడుగురు ఇంకా 'పనిలో' ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. సింగిల్ సైన్ ఆన్ పెట్టి, అప్లికేషన్లో పాత పాస్‌వర్డు దారి తెరిచే ఉంచితే ఏమీ చేయనట్టే. ముందు గుమ్మానికి కొత్త తాళం వేసి పెరటి తలుపు వదిలేసినట్టు. ఆ దారి మూయమని సంస్థకి మూడు మెయిళ్లు పెట్టాను. ఇంకోటి, ఈ పత్రం 'ఎవరు' అన్నది చెబుతుంది. మేకరా, చెకరా అన్నది అప్లికేషన్లోని హక్కుల పట్టీ చెబుతుంది. అది సరిగ్గా లేకపోతే తప్పు మనిషి దర్జాగా సరైన లాగిన్‌తో లోపలికి వస్తాడు.

మొదటి రోజు మా క్యాషియరుకి ఫోను కోడు ఎంతకీ సరిపడలేదు. ఎనిమిదిసార్లు కొట్టారు. ఆ కోడు 30 సెకన్లకోసారి ఫోను గడియారాన్ని బట్టి మారుతుంది. ఆయన బండి తప్పిపోకూడదని ఫోన్లో టైము పది నిమిషాలు ముందుకి పెట్టుకునే అలవాటు మనిషి! రైల్వే ఊళ్లో ఇలాంటి సమస్య వస్తుందని ఏ స్లైడులోనూ రాయలేదు.

భయాలు లేవని కాదు. ఒకే తాళంచెవి పోతే అన్ని గదులూ పోయినట్టే, అందుకే రెండో కోడు తప్పనిసరి. సీటు లేచేటప్పుడు స్క్రీన్ లాక్ చేయడం కూడా. సంతకం చేసే రహస్య కీ దొంగల చేతికి చిక్కితే ఎంత ముప్పో 2023లో మైక్రోసాఫ్ట్ ఉదంతంలో లోకం చూసింది. దొంగ పత్రాలు తయారుచేసి సుమారు 25 సంస్థల మెయిళ్లు చదివారు. గుర్తింపు సర్వరే పడకేస్తే? అప్పటికోసం ఒక అత్యవసర ఐడీ ఉంటుంది. దాని పాస్‌వర్డు రెండు ముక్కలు, రెండు సీలు కవర్లు, ఇద్దరు అధికారుల దగ్గర. స్ట్రాంగ్ రూమ్ తాళాలు జాయింట్ కస్టడీలో ఉంచే మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

కోర్ బ్యాంకింగ్‌ది వేరే దారి, అది ఇందులో లేదు. ఫిర్యాదుల పోర్టల్ కూడా ఇంకా కలవలేదు. కాబట్టి నా అద్దం కింద ఒక స్టేషన్ మిగిలే ఉంది.

డిసెంబరులో మా ఫీల్డ్ ఆఫీసరు బదిలీ అయ్యాడు. రిలీవింగ్ ఆర్డరు హెచ్‌ఆర్‌లో పడగానే మా బ్రాంచి హక్కులు అన్ని అప్లికేషన్లలోనూ తొలగేలా ఈసారి కలిపి ఉంచాం. కొత్త చోట చేరిన పొద్దున్నే ఫోన్ చేశాడు.

"సార్, లాగిన్ అయ్యింది గానీ మన ప్రేమ్ బజార్ ఫైళ్లు ఒక్కటీ కనబడటం లేదు. చిన్న సందేహం ఉండి చూద్దామనుకున్నా."

సందేహమేంటో అడిగి, ఫైలు నేనే తెరిచి చదివి వినిపించాను.