లైనక్స్ కెర్నల్‌ని కూల్చగల స్టాక్‌రాట్ బగ్: దాన్ని సరిచేయడానికి రెండు వారాలు ఎందుకు పట్టింది?

ముందుగా మీకో ప్రశ్న. ఒక కోడ్ ఏళ్ల తరబడి బాగా నడుస్తోంది. అది పాటించే రూల్ ఎవరూ మార్చలేదు. అయినా ఒకరోజు క్రాష్ అయింది. తప్పు ఎవరిది?

నేను ఉద్యోగం చేసే రోజుల్లో నాకు ఇది బాగా అనుభవం. రాత్రి ఒంటిగంటకి సర్వర్ పడిపోయింది. లాగ్ తీసి చూస్తే అందులో ఉన్నది నేను రాసిన ఫంక్షన్ పేరే. రెండు రోజులు ఆ ఫంక్షన్‌నే తిరగేశాను, ఏమీ దొరకలేదు. చివరికి తేలిందేంటంటే, అది వాడుకునే లైబ్రరీ లోపల పద్ధతి మారిపోయింది. క్రాష్ కనిపించిన చోటు వేరు, కారణం ఉన్న చోటు వేరు. సరిగ్గా ఇలాంటిదే, ఇంకా చాలా పెద్ద స్థాయిలో, 2023లో లైనక్స్ కెర్నల్‌లో జరిగింది. దాని పేరు స్టాక్‌రాట్, నంబర్ సీవీఈ-2023-3269.

ముందు కెర్నల్ మెమరీని ఎలా లెక్క పెట్టుకుంటుందో చూద్దాం. మన ఊళ్లో భూమి రికార్డు ఉంటుంది కదా, ఏ సర్వే నంబర్ ఎవరిది, హద్దు ఎక్కడ అని. ప్రతి ప్రాసెస్‌కీ కెర్నల్ అలాంటి రిజిస్టర్ ఒకటి పెట్టుకుంటుంది. ఈ అడ్రస్ నుంచి ఈ అడ్రస్ వరకు కోడ్, ఇక్కడ హీప్, అక్కడ స్టాక్. ఒక్కో ఎంట్రీని వీఎంఏ అంటారు.

ఇందులో స్టాక్ కొంచెం తేడా మనిషి. ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుస్తూ పోతే స్టాక్ కిందికి పెరుగుతుంది. హద్దు దాటి ఒక అడ్రస్‌ని ముట్టుకోగానే పేజ్ ఫాల్ట్ వస్తుంది. కెర్నల్ చూసి "సరే, ఇది స్టాకే" అనుకుని గట్టు కొంచెం జరుపుతుంది. మన ప్రోగ్రామ్‌కి ఈ సంగతే తెలియదు.

ఇప్పుడు లాక్ సంగతి. రిజిస్టర్‌ని చదవడానికి రీడ్ లాక్, ఒకేసారి ఎంతమందైనా తీసుకోవచ్చు. మార్చడానికి రైట్ లాక్, ఒక్కరికే దొరుకుతుంది, మిగతావాళ్లంతా ఆగాలి. కానీ స్టాక్ పెరగడానికి మాత్రం కెర్నల్ రీడ్ లాక్‌తోనే సరిపెట్టేది. వినడానికి తప్పులా ఉంది కదా? అప్పట్లో అది తప్పు కాదు. పాత రిజిస్టర్ రెడ్ బ్లాక్ ట్రీ. అందులో ఒక్కో పొలానికి ఒక్కో కాగితం అనుకోండి. గట్టు జరిగితే ఆ కాగితం మీద అంకె మారుతుంది, అంతే. కాగితాల వరస మారదు. ఇద్దరు ఒకేసారి గట్టు జరపకుండా లోపల ఇంకో చిన్న లాక్ ఉండేది. కాబట్టి ఇబ్బంది రాలేదు.

2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్‌లో రిజిస్టర్ మారిపోయింది. రెడ్ బ్లాక్ ట్రీ పోయి మేపుల్ ట్రీ వచ్చింది. ఇది మంచి మార్పే. ఒక్కో నోడ్‌లో చాలా ఎంట్రీలు పక్కపక్కనే ఉంటాయి, ప్రాసెసర్ క్యాష్‌కి అనుకూలం. అంటే ఇప్పుడు ఒకే కాగితం మీద పది పదిహేను పొలాలు, మధ్యలో ఉన్న ఖాళీ జాగా కూడా ఒక ఎంట్రీ అన్నమాట.

మామూలుగా స్టాక్‌కీ పక్క వీఎంఏకీ మధ్య గార్డ్ గ్యాప్ ఉంచుతారు. డీఫాల్ట్‌గా 256 పేజీలు, 4 కేబీ పేజీ అయితే 1 ఎంబీ. ఆ ఖాళీ మిగిలి ఉన్నంతవరకు అంకె మారిస్తే చాలు. కానీ పక్కపక్కన ఉన్న రెండూ కిందికి పెరిగే రకమే అయితే, అంటే మ్యాప్ గ్రోస్‌డౌన్ ఫ్లాగ్‌తో తీసుకున్నవైతే, వాటి మధ్య ఈ గ్యాప్ నియమం వర్తించదు. గట్టు జరుగుతూ జరుగుతూ వెళ్లి పక్క పొలానికి తగులుతుంది. ఖాళీ జాగా ఎంట్రీ మాయమవ్వాలి. అప్పుడు మేపుల్ ట్రీ ఏం చేస్తుందంటే, కొత్త కాగితం రాసి పాతదాని స్థానంలో పెడుతుంది. పాతదాన్ని చెత్తబుట్టకి పంపుతుంది.

వెంటనే కాదు లెండి, ఆర్‌సీయూ అనే పద్ధతిలో పంపుతుంది. "నేను చదువుతున్నాను" అని చెయ్యెత్తిన వాళ్లందరూ ముగించేదాకా ఆగి, తర్వాత పారేస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. రీడ్ లాక్ పట్టుకుని చదివేవాళ్లు చెయ్యెత్తరు. "నా చేతిలో లాక్ ఉంది, రిజిస్టర్ మారదు" అని వాళ్ల ధీమా. ఇటు స్టాక్ పెంచేవాడు కూడా రీడ్ లాక్‌తోనే లోపలికొచ్చి కాగితం మార్చేశాడు. చదివేవాడి చేతిలో మిగిలింది పారేసిన కాగితం. దీన్నే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటాం. అదృష్టం బాగుంటే కెర్నల్ క్రాష్ అవుతుంది.

అవును, క్రాషే అదృష్టం! ఎందుకంటే ఆ ఖాళీ అయిన మెమరీలో దాడి చేసేవాడు తనకి కావలసిన డేటా పెట్టగలిగితే, మామూలు యూజర్ రూట్ అయిపోతాడు. దీన్ని కనిపెట్టిన రుయిహాన్ లీ అనే పరిశోధకుడు అది సాధ్యమేనని చేసి చూపించాడు.

ఆయన 2023 జూన్ 15న రిపోర్ట్ చేశాడు. సరిచేసే పనిని లీనస్ టోర్వాల్డ్స్ స్వయంగా ముందుండి నడిపించారు. "రైట్ లాక్ పెట్టేస్తే పోలా?" అని మీకు అనిపించవచ్చు. పేజ్ ఫాల్ట్‌లు సెకనుకి వేలల్లో వస్తాయండి. ప్రతిదానికీ రైట్ లాక్ అంటే థ్రెడ్లన్నీ రేషన్ షాపు ముందు క్యూలా నిలబడాలి.

అందుకని పరిష్కారం ఇలా చేశారు. ముందు రీడ్ లాక్‌తోనే వెతకాలి. అడ్రస్ ఏదో ఒక వీఎంఏ లోపలే ఉంటే, ఎక్కువసార్లు జరిగేది ఇదే, పాత దారిలోనే పోవాలి. స్టాక్ పెంచాల్సి వస్తే మాత్రం రీడ్ లాక్ వదిలి, రైట్ లాక్ తీసుకుని, మళ్లీ మొదటినుంచి వెతకాలి. మళ్లీ ఎందుకు? లాక్ వదిలిన ఆ క్షణంలో ఇంకో థ్రెడ్ వచ్చి రిజిస్టర్ మార్చేసి ఉండొచ్చు. ముందు చూసిన సమాధానం ఇప్పుడు చెల్లదు. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఈ ఒక్క పాయింట్ రాసిపెట్టుకోండి. అలా పెంచాక, రైట్ లాక్‌ని రీడ్ లాక్‌గా దించి ముందుకెళ్లాలి.

ఆలోచన ఇంత చిన్నది. మరి రెండు వారాలు ఎందుకు? ఎక్స్86, ఆర్మ్, పవర్‌పీసీ, ఇలా ప్రతి ఆర్కిటెక్చర్‌కీ సొంత పేజ్ ఫాల్ట్ కోడ్ ఉంది. అన్నిట్లోనూ అదే పాత ధీమా. అందుకే ఈ పనికి ఒక ఉమ్మడి ఫంక్షన్ రాసి, ఒక్కొక్కదాన్నీ దాని మీదికి మార్చుకుంటూ వచ్చారు. కెర్నల్ లోపలినుంచి యూజర్ మెమరీని తీసుకునే చోట స్టాక్ తనంతట తాను పెరగడాన్ని ఆపేశారు. కొత్త ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు స్టాక్‌ని ముందుగానే పెంచి ఉంచారు. జూన్ 28న ఇదంతా మెయిన్ ట్రీలో చేరింది. తర్వాత 6.1.37, 6.3.11, 6.4.1 వెర్షన్లకి అందింది. దాడి కోడ్ మాత్రం జులై చివరికి గానీ బయటపెట్టలేదు, జనం అప్‌డేట్ చేసుకోవడానికి టైమ్ కావాలి కదా.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. తప్పు ఎవరిది? స్టాక్ పెంచే పద్ధతి అప్పట్లో సరైనదే. మేపుల్ ట్రీ కూడా మంచి డిజైనే. "గట్టు జరిగితే కాగితం మారదు" అనే ఒక మాట మీద లాక్ పద్ధతి అంతా నిలబడి ఉంది. కింద రిజిస్టర్ మారినప్పుడు ఆ మాట ఇంకా నిజమేనా అని అడగాల్సిన చోట ఎవరూ అడగలేదు. కాబట్టి మీరు ఏదైనా డేటా స్ట్రక్చర్ మార్చేటప్పుడు టెస్టులు పాసయ్యాయా అని చూసి ఊరుకోకండి. దాన్ని వాడుకునే ప్రతి చోటా ఏ లాక్ పట్టుకుంటున్నారు, ఏ నమ్మకంతో పట్టుకుంటున్నారు అని కూడా చూడండి. ఆ నమ్మకాన్ని కామెంట్‌గా కోడ్‌లో రాయండి. మీ తర్వాత వచ్చేవాడికి రెండు రాత్రుల నిద్ర మిగులుతుంది.

ఇంట్లో పాత లైనక్స్ మెషీన్ ఉంటే టెర్మినల్‌లో కెర్నల్ వెర్షన్ ఒకసారి చూసుకోండి. అప్‌డేట్ చేసి చాలాకాలం అయిందా? ఈరోజే చేసేయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆర్‌సీయూ గురించి విడిగా, బోర్డు మీద బొమ్మలు గీసి మాట్లాడుకుందాం. ఉంటానండీ.