అంతర్జాలంలో సంగీత పాఠం: తాళం ఎవరి చేతిలో ఉండాలి?

అమెరికాలోని తెలుగువారి ఇళ్ళలో శని, ఆదివారాల ఉదయం వెబ్‌కామ్ ముందు కర్ణాటక సంగీత పాఠం నేడు మామూలు దృశ్యం. న్యూజెర్సీలో ఉదయం ఎనిమిదైతే హైదరాబాదులో సాయంత్రం ఆరున్నర, వేసవిలో ఐదున్నర. ఏటా రెండుసార్లు గడియారం మార్చే ఆచారం ఇక్కడిది, దానికి సర్దుకునే శ్రమ అక్కడి గురువుది. ఈ పద్ధతిలో శ్రుతి, సాహిత్యం బాగానే పట్టుబడతాయి కానీ లయ కుదరదన్న ఫిర్యాదు తరచు వినిపిస్తుంది. పిల్లల అశ్రద్ధనో, గురువుకు ఓపిక లేకపోవడాన్నో ఇందుకు కారణంగా చూపడం సబబు కాదు. తప్పులో అధికభాగం దూరానిది.

చాపమీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య ఒక మీటరు ఎడం ఉందనుకుందాం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు సాగుతుంది కనుక గురువు గొంతు శిష్యుణ్ణి చేరడానికి 3 మిల్లీసెకన్లు చాలు. హైదరాబాదు నుండి న్యూయార్కుకు అతి దగ్గర దారిన కొలిచినా దాదాపు 13,000 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. అంటే తీగను తిన్నగా పరిచినా ఒకవైపు ప్రయాణానికే 65 మిల్లీసెకన్లు కావాలి. సముద్రగర్భపు తీగలేమో తిన్నగా ఉండవు. పైగా శబ్దాన్ని ముక్కలుగా కోసి, కుదించి పంపి, అవతల క్షణకాలం నిలవబెట్టి, మళ్ళీ అతకాలి. ఇవన్నీ కలిసి రానుపోను పావు సెకను కావడం సాధారణం. నెలకు మరో ఇరవై డాలర్లు కట్టి ఎక్కువ వేగపు కనెక్షన్ తీసుకుంటే బొమ్మ స్పష్టమవుతుందేమో కానీ ఆ 65 మిల్లీసెకన్లు తరగవు.

సంగీతానికి పావు సెకను ఎంత? గురువు సెకనుకొక అక్షరం చొప్పున ఆదితాళం వేస్తూ సరళీవరుసలు పాడిస్తున్నారు. శిష్యురాలు తనకు వినిపించిన దెబ్బకు సరిగ్గా పాడుతుంది. ఆ పాట తిరిగి గురువును చేరేసరికి దెబ్బ పడి పావు సెకను దాటిపోయింది. మొదటి కాలంలో అది పావు స్వరం వెనుకబాటు, రెండవ కాలంలో అర స్వరం, మూడవ కాలంలో ఏకంగా ఒక స్వరం. అమ్మాయి దృష్టిలో తాను తాళంలోనే ఉంది, గురువు చెవికి ఆమె జారిపోతోంది. ఇద్దరూ చెప్పేది నిజమే. జాలిపడి గురువు ఒక క్షణం ఆగితే, ఆ ఆగిన తాళానికి అమ్మాయి మరింత నెమ్మదిస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం జంటలచేత చప్పట్లు కొట్టించి చేసిన ప్రయోగాలలో తేలింది కూడా ఇదే: ఆలస్యం పెరిగేకొద్దీ జంట వేగం తగ్గుతూ పోతుంది. ఇద్దరు హాయిగా కలిసి సాగడానికి సుమారు 25, 30 మిల్లీసెకన్లను హద్దుగా చెబుతారు. పక్క ఊళ్ళ మధ్య ఈ హద్దులో ఉండడం సాధ్యమే, ఖండాల మధ్య కాదు.

మరి దారి ఏది? ఆలస్యాన్ని తొలగించలేం కానీ, దానిని ఎక్కడ ఉంచాలో నిర్ణయించుకోవచ్చు. పాడే మనిషే తాళం వేయాలి, తంబురా కూడా ఆ మనిషి పక్కనే మోగాలి. అప్పుడు గొంతు, దెబ్బ, శ్రుతి మూడూ ఒకే ఆలస్యంతో కలిసి ప్రయాణించి, ఒకదానికొకటి చెదరకుండా గురువును చేరుతాయి. గురువు పావు సెకను నాటి పాటను వింటారు, అంతే. తొడమీద వేసే దెబ్బ వినిపించాలి కూడా. తెరమీద చేతి కదలిక, శబ్దం ఎప్పుడూ జోడుగా రావు కనుక కంటిని నమ్మి లాభం లేదు.

దూరం తర్వాతి శత్రువు సాఫ్ట్‌వేర్. ఇవి సంభాషణ కోసం పుట్టినవి. ఆగకుండా ఒకే తీరున మోగేదానిని ఫ్యాను చప్పుడుగా భావించి అణచివేస్తాయి; పాపం, తంబురా స్వభావమే అది! చిన్న గొంతును పెంచి, పెద్ద గొంతును తగ్గిస్తాయి. ఇద్దరూ ఒకేసారి పలికితే ఒకరిని నొక్కేస్తాయి. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అనే అమరికను ఎంచుకుంటే వీటి బెడద చాలావరకు తగ్గుతుంది. అంతగా తెలియనిది మరొకటుంది. ముక్కలు ఆలస్యంగా వచ్చినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు శబ్దాన్ని కాస్త సాగదీసి, తర్వాత కాస్త వేగం పెంచి సరిపెడతాయి, స్థాయి మారకుండా. మాటలలో ఇది ఎవరికీ తెలియదు. పాటలో మాత్రం శ్రుతి నిలిచి, లయ ఊగుతుంది. అందువల్ల లయ విషయంలో తుది తీర్పు ప్రత్యక్ష పాఠంలో ఇవ్వకూడదని నా అభిప్రాయం. అమ్మాయి తన ఫోనులో రికార్డు చేసి పంపిన పాటను విని చెప్పడమే న్యాయం.

వైద్యుడిగా చెవుల గురించి ఒక మాట. తన గొంతే కొంత ఆలస్యంగా తన చెవిన పడితే మనిషి తడబడతాడని బెర్నార్డ్ లీ 1950లో వివరించాడు. ఆ ఆలస్యం సెకనులో అయిదో వంతుకు దగ్గరైనప్పుడు తడబాటు బాగా ఎక్కువ. అవతలి స్పీకరు నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనిది ఇంచుమించు ఆ కొలతే. కనుక రెండు వైపులా హెడ్‌ఫోన్లు ఉండాలి. అవి తీగ ఉన్నవైతే మంచిది, బ్లూటూత్ తన వంతు ఆలస్యాన్ని చేరుస్తుంది. పాడేటప్పుడు మాత్రం ఒక చెవి తెరిచి ఉంచాలి. రెండు చెవులూ మూసుకుంటే సొంత గొంతు ఎముకల ద్వారా గుమ్మటంలో మోగినట్లు వినిపించి శ్రుతి అంచనా తప్పుతుంది.

ఇంత చేసినా పూడని లోటు ఒకటి ఉంది. ఎదుట కూర్చున్న గురువు శిష్యురాలితో గొంతు కలుపుతారు. తోడిలో గాంధారాన్ని ఎంత ఊపాలో వివరించడం కష్టం. గురువు గొంతు నీడలో పదిసార్లు పాడితే అది గొంతుకు తెలుస్తుంది. తెర ఈ కలిసి పాడటాన్ని వంతులవారీ పాటగా మార్చేసింది. గురువు పాడిన పాఠాన్ని రికార్డు చేసుకుని దానితో పాడుకోవడం సగం మందు. అందులో గురువు శిష్యురాలి కోసం ఆగరు, శిష్యురాలే వెంట వెళ్ళాలి. వేసవి సెలవుల్లో ఇండియా వెళ్ళే కుటుంబాలు పెళ్ళిళ్ళ మధ్య పది రోజులు గురువుగారి ఇంటికి కేటాయించగలిగితే, అక్కడ కొత్త కృతులు నేర్పమని అడగనక్కరలేదు. వచ్చిన వర్ణాలనే కలిసి పాడించమని అడగాలి.